తనిఖీ రోజున పిల్లల్లేని ఇల్లు

బాల్కనీ గ్రిల్లులో కమ్మీకీ కమ్మీకీ మధ్య సందు నాలుగు అంగుళాలు మించకూడదని కాగితంలో ఉంది. బుధవారం ఉదయం ఆరున్నరకే కరుణ స్టీలు స్కేలు పట్టుకొని బాల్కనీలో చతికిలబడింది. మొత్తం ముప్పై రెండు సందులు. ఒక్కోదాన్నీ పైన ఒకసారి, కింద ఒకసారి కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయింది. సగటు మూడు పాయింట్ ఏడు వచ్చింది. ఊపిరి పీల్చుకోబోయి, ఇరవై ఆరో సందు దగ్గర ఆగింది. ఏసీ బిగించడానికి వచ్చినతను నిచ్చెన ఆనించినప్పుడు అక్కడ కమ్మీ కాస్త వంగింది. నాలుగు పాయింట్ మూడు.

జోయెల్ పళ్ళు తోముకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సగటు లెక్కా, పెద్దది లెక్కా?" అని అడిగింది భర్తను.

"పిల్లాడి తల సగటు సందులో ఇరుక్కోదుగా."

"అది నాకూ తెలుసు. కాగితంలో ఏది లెక్కో రాయలేదు."

"బయట పావురాల వల ఉంది కదే. చీమ కూడా పడదు."

"వల గ్రిల్లు లెక్కలోకి వస్తుందా?"

జోయెల్ నోట్లో నురగ ఉండటం వల్ల జవాబు చెప్పే బాధ తప్పించుకున్నాడు. ఆఫీసుకు వెళ్ళేముందు మాత్రం ఆ సందుకు అడ్డంగా ఒక కర్రముక్క పెట్టి తీగతో బిగించి వెళ్ళాడు. కరుణ నోటుపుస్తకంలో "26: సరిచేయబడింది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది.

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి నాలుగేళ్ళు ఒక మందుల కంపెనీ ల్యాబులో నీళ్ళ నమూనాలు పరీక్షించింది. పళ్ళెంలో పెరిగిన సూక్ష్మజీవుల చుక్కలు లెక్కపెట్టి, ఇన్నింటిలోపు ఉంటే పాస్, ఒక్క చుక్క ఎక్కువైతే ఫెయిల్ అని రాయడం ఆమె పని. ఆ పని ఆమెకు ఇష్టం. అందులో మధ్యస్థం అనేది లేదు.

బెన్నీ పుట్టిన తొమ్మిదో నెలలో వాణ్ని ఒక డేకేర్‌లో వేసి మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళింది. మొదటి వారం వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆరో వారానికి ఏడుపు మానేశాడు. "అలవాటు పడిపోయాడు మేడమ్" అని అక్కడివాళ్ళు సంతోషంగా చెప్పారు. అందరూ మంచిదేగా అన్నారు. కానీ ఇంటి దగ్గర కూడా వాడు ఏడవడం లేదు. పడినా ఏడవడు, ఆకలేసినా ఏడవడు. ఊరికే చూస్తాడు. పది రోజులు గమనించి, రాసుకొని, పదకొండో రోజు కరుణ ఉద్యోగం మానేసింది. ఇంట్లో ఉన్న నాలుగో వారంలో, అరటిపండు విరిగిపోయిందని బెన్నీ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. అత్తగారు కృపమ్మ ఆ రోజు పరుగున వెళ్ళి పరమాన్నం వండింది.

ఇది ఏడాదిన్నర కిందటి మాట. ఆ తరువాత రెండో అంతస్తులో ఉండే సంయుక్త, "మా పాపను కూడా నీ దగ్గర ఉంచుకుంటావా?" అని అడిగింది. ధృతికి అప్పుడు ఆరు నెలలు, ఇప్పుడు పది. ఐదో అంతస్తు జ్యోత్స్న కూడా తన కొడుకు లోహిత్‌ను తెచ్చి దింపడం మొదలుపెట్టింది. వాడికి మూడున్నరేళ్ళు, నోరు కట్టేస్తే కళ్ళతో మాట్లాడతాడు. హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక, మూడో అంతస్తులో, రెండు గదుల ఫ్లాటులో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ముగ్గురు పిల్లలు, ఒక మోకాలి నొప్పి నాయనమ్మ, కరుణ.

అంతా బాగానే ఉందనుకుంటుండగా సంయుక్త పనిచేసే కంపెనీ కొత్త నియమం పెట్టింది. పిల్లల్ని బయట ఎక్కడ ఉంచినా ఆ ఇల్లు "చిట్టిగూడు" అనే సంస్థలో నమోదై ఉండాలి. లేకపోతే ఒకటో తేదీ నుంచి కంపెనీ వాళ్ళ సొంత క్రెష్‌లో చేర్చాలి. జ్యోత్స్నదీ అదే కంపెనీ. ఇద్దరూ, వాళ్ళిచ్చే నెల డబ్బులూ వెళ్ళిపోతే కరుణకు మిగిలేది పాత ల్యాబు. అక్కడినుంచి హెచ్.ఆర్. అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది. సీటు ఖాళీగా ఉంది, మూడు షిఫ్టులు, శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా జవాబు కావాలి. కరుణ ల్యాబుకు వెళ్తే రెండున్నరేళ్ళ పిల్లాడి వెనక కృపమ్మ మోకాళ్ళు పరిగెత్తలేవు. అంటే బెన్నీ మళ్ళీ డేకేర్‌కే.

చిట్టిగూడు తనిఖీ గురువారం పదకొండు గంటలకు. వాళ్ళు పంపిన కాగితంలో నలభై ఒక్క అంశాలున్నాయి.

కరుణకు వాటిని చదివినకొద్దీ తల తిరిగింది. పదిహేడో అంశం: ముఖద్వారం పిల్లలు తెరవలేని విధంగా ఎప్పుడూ మూసి ఉండాలి. ఇరవై తొమ్మిదో అంశం: ప్రమాద సమయంలో ముఖద్వారం తాళంచెవి అవసరం లేకుండా లోపలినుంచి తక్షణం తెరుచుకోవాలి. మూడో అంశం: సంరక్షణలో ఉన్న పిల్లల సంఖ్య. అక్కడ పెన్సిలుతో రెండు అని రాసి, చెరిపి, మూడు అని రాసి, మళ్ళీ చెరిపింది. బెన్నీ లెక్కలోకి వస్తాడా, రాడా? ఎనిమిదో అంశం అన్నింటికన్నా అన్యాయమైనది: వాతావరణం ఇంటిలా ఉండాలి. ఇల్లు ఇంటిలా ఉందని ఎలా నిరూపించాలి? దేంతో కొలవాలి? దాన్ని ఖాళీగా వదిలేసింది.

సహాయ నంబరుకు ఫోన్ చేస్తే చాలాసేపు పాట వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"మేడమ్, పదిహేడు కూడా పాటించాలి, ఇరవై తొమ్మిది కూడా పాటించాలి మేడమ్."

"రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం కదండీ."

"అవును మేడమ్, రెండూ ముఖ్యమే మేడమ్."

"పోనీ, మా అబ్బాయి లెక్కలోకి వస్తాడా?"

"మీ బాబు మీ బాబే కదా మేడమ్."

"అంటే వస్తాడా, రాడా?"

"సిస్టమ్‌లో ఆ ఆప్షన్ చూపించడం లేదు మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?"

తలుపు సంగతి కరుణ ఆన్‌లైన్‌లో పరిష్కరించింది. ఆరడుగుల ఎత్తున బిగించే పిల్లల తాళం అది. తలుపు వేయగానే దానంతట అదే పడిపోతుంది. లోపలినుంచి తీయాలంటే పచ్చ మీట, ఎర్ర మీట ఒకేసారి నొక్కి పైకి లేపాలని దానితో వచ్చిన కాగితంలో ఉంది. చెవి అక్కర్లేదు, పిల్లలకు అందదు. పదిహేడు, ఇరవై తొమ్మిది రెండూ తీరాయి. బయటినుంచి మాత్రం చెవి కావాలి. అది వచ్చిన వారం రోజులుగా ఇంట్లో అందరూ ఆ తాళాన్ని తిట్టుకుంటూనే ఉన్నారు, కరుణ తప్ప.

ఇక పదకొండో అంశం: ఇంట్లోని సీసాలన్నింటికీ పేరు చీటీ ఉండాలి. ఇది ఆమెకు బాగా తెలిసిన పని. బుధవారం మధ్యాహ్నం పిల్లలు నిద్రపోగానే తెల్ల టేపు, నల్ల పెన్ను తీసుకొని మొదలుపెట్టింది. పేరు, తెరిచిన తేదీ, వాడకూడని తేదీ. పసుపు, కారం, కందిపప్పు, ఫినాయిలు, కృపమ్మ మోకాళ్ళ తైలం. అన్నీ అయ్యాక దేవుని వాక్యం క్యాలెండరు కింద అలమరలో చిన్న గాజుసీసా కనిపించింది. దానికీ అంటించింది: "ఆలివ్ నూనె. బయటి వాడకానికి మాత్రమే. తెరిచిన తేదీ తెలియదు."

సాయంత్రం కృపమ్మ కళ్ళజోడు పెట్టుకొని అది చదివింది. రెండుసార్లు చదివింది.

"కరుణా, ఇటు రామ్మా."

"ఏంటత్తయ్యా?"

"పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన నూనెకి ఎక్స్‌పైరీ డేటేంటమ్మా?"

"డేటు వేయలేదత్తయ్యా. తెలియదు అని రాశాను."

"అదింకా బాగుంది. తెలియదంట! నీ పెళ్ళి కుదిరినప్పుడు తెరిచాం ఆ సీసా. బెన్నీకి జొరమొచ్చినప్పుడు నుదుటికి రాసింది ఎవరు? నువ్వే కదా రాయమన్నావు?"

"నేను కాదనట్లేదు. వచ్చేవాళ్ళు సీసాలో ఏముందని అడిగితే..."

"అడిగితే చెప్తాను. నాకు నోరు లేదా?"

కరుణకు అసలు భయం ఆ నోరే. కృపమ్మ నరసరావుపేట వైపు మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది. ఎవరైనా పలకరిస్తే చాలు, మొదటి డాక్టరమ్మ దగ్గరనుంచి మొదలుపెడుతుంది. ల్యాబులో ఆడిట్ జరిగే రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. అడిగినదానికే జవాబు చెప్పాలి, అడగనిది చెప్పకూడదు. ఎప్పుడు ఏం మాట్లాడతారో తెలియని ట్రైనీలను ఆ రోజుకు క్యాంటీన్‌లో కూర్చోబెట్టేవారు. ల్యాబులో వస్తువులుండాలి, కాగితాలుండాలి, తెలిసిన ఇద్దరు మనుషులుండాలి. అంతే. ఆ పద్ధతి మీద నాలుగేళ్ళలో ఒక్క ఆడిట్‌లో కూడా తప్పలేదు.

గురువారం ఉదయం కరుణ అదే చేసింది. సంయుక్త ఆఫీసుకు వెళ్తూ తన ఫ్లాటు తాళంచెవి ఇచ్చింది. పదిన్నరకు ధృతిని చంకనేసుకొని, బెన్నీనీ లోహిత్‌నూ నడిపించుకుంటూ, అత్తగారిని లిఫ్టులో రెండో అంతస్తుకు దింపింది.

"అక్కడ ఆడుకుంటూ ఉండండి. నేను ఫోన్ చేస్తే రండి."

"పిల్లల్ని చూసుకునే ఇల్లని చూడ్డానికొస్తుంటే పిల్లల్ని దాచేస్తావేంటమ్మా?" అంది కృపమ్మ.

"దాచడం కాదత్తయ్యా. ఇల్లు చూస్తారు. ఇల్లు శుభ్రంగా కనిపించాలి కదా."

"ఏమో, నీ చదువు నీది."

బెన్నీ తల్లి చున్నీ పట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటిగా విడిపించి పైకి వచ్చేసింది. నేల మరోసారి తుడిచింది. బొమ్మలన్నీ మూత ఉన్న డబ్బాలో పెట్టి, డబ్బాకు "బొమ్మలు, 34" అని చీటీ వేసింది. గోడ మీద లోహిత్ గీసిన మెట్రో రైలును తడిగుడ్డతో రుద్దితే సగమే పోయింది. మిగతా సగానికి అడ్డంగా కుర్చీ జరిపింది.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా గంట మోగింది. వచ్చినావిడ పేరు గంగమ్మ. అరవై దగ్గర వయసు, నేత చీర, చేతిలో ట్యాబు, భుజాన గుడ్డసంచి. సంగారెడ్డి వైపు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా రిటైరై ఇప్పుడు చిట్టిగూడుకు తనిఖీలు చేస్తోంది.

"మియాపూర్ కాడ మెట్రో దిగి ఆటో ఎక్కితే, వాడు స్టేషన్ అవతల దించిండు బిడ్డా. పట్టాలు దాటనీకె వంతెన ఎక్కి దిగేసరికి పానం పోయింది. జర మంచినీళ్ళియ్యి."

కరుణ నీళ్ళిచ్చింది. "ఇవి నిన్న ఉదయం కాచి చల్లార్చినవి. క్యాను మంగళవారం వచ్చింది" అని చెప్పింది.

గంగమ్మ గ్లాసు వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూసి తాగింది. తరువాత సోఫాలో కూర్చోకుండా గదంతా ఒక చుట్టు చుట్టింది. సీసాల వరుస చూసింది. నూనె చీటీ చదివి కనుబొమ్మలు ఎత్తింది. బాల్కనీలోకి వెళ్ళి కర్రముక్కను ఊపి చూసింది.

"ఇరవై ఆరో సందు నాలుగు పాయింట్ మూడు ఉందండీ. సరిచేశాం. రికార్డు ఉంది" అంటూ కరుణ నోటుపుస్తకం చాచింది.

గంగమ్మ పేజీలు తిప్పింది. "అన్నీ కొలిసినవా?"

"అరవై నాలుగు కొలతలండీ."

"గిది ఇల్లా, దవాఖానా?" అంది గంగమ్మ మెల్లగా. అది మెచ్చుకోలో, వెక్కిరింపో కరుణకు అర్థం కాలేదు. మందుల కంపెనీలో అయితే అది మెచ్చుకోలే. ఆమె సగం నవ్వి ఆపేసింది.

"సరే గని, పిల్లలేరి?"

"పిల్లలు... కింద ఉన్నారండీ. మా అత్తయ్యగారి దగ్గర."

"కింద అంటే?"

"రెండో అంతస్తులో. ఆ పాప వాళ్ళ ఇంట్లోనే."

"రోజూ గక్కడనే ఉంటరా?"

"లేదండీ, రోజూ ఇక్కడే. ఇవాళ మీరు వస్తున్నారని..."

గంగమ్మ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "నేనొస్తున్ననని పిల్లల్ని బయటికి పంపినవు?"

కరుణకు ల్యాబు పద్ధతి గుర్తొచ్చింది. అడిగినదానికే జవాబు చెప్పాలి. కానీ దీనికి జవాబు ఏది? "ఇల్లు మీకు సరిగ్గా కనబడాలని" అంది. ఆ మాట బయటికి వచ్చాక దానిలో ఏదో పొరపాటు ఉందని అనిపించింది గానీ ఎక్కడుందో పట్టుకోలేకపోయింది.

"కూసో బిడ్డా. ముందుగల నిన్నే అడుగుత. పసిపిల్ల అన్నం తింటుంటె గొంతుల పడ్డదనుకో, ఏం చేస్తవు?"

ఇది తెలుసు. పద్ధతి ప్రకారం తెలుసు. బోర్లా ముంజేతి మీద పడుకోబెట్టి, తల కిందికి ఉంచి, భుజాల మధ్య అయిదుసార్లు... కరుణ చెప్పడం మొదలుపెట్టింది. రెండో వాక్యంలో ఉండగా స్నానాల గది డక్టులోంచి ఏడుపు వినిపించింది. ఆ భవనంలో ఏ అంతస్తులో కుక్కరు కూసినా ఆ డక్టులోంచి అందరికీ వినబడుతుంది.

కరుణ మాట ఆగింది. ధృతి కాదు. ధృతి ఏడుపు సన్నగా ఉంటుంది. ఇది బెన్నీ. ఆకలి ఏడుపు కాదు, దెబ్బ తగిలిన ఏడుపు కాదు. తల్లిని వెతికే ఏడుపు. అది మొదలైతే ఎలా పెరుగుతుందో ఆమెకు తెలుసు.

"అయిదుసార్లు..." అంది గంగమ్మ, అందిస్తూ.

"అయిదుసార్లు అరచేత్తో..." ఆడిట్ మధ్యలో లేవకూడదు. ఎవరైనా లేస్తే ఏదో దాస్తున్నారని రాస్తారు. కింద అత్తయ్య ఉంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదకొండు దగ్గర ఏడుపు టక్కున ఆగిపోయింది.

ఏడుపు ఆగడమే ఆమెను కూర్చోనివ్వలేదు. "ఒక్క నిమిషమండీ" అన్నదో లేదో ఆమెకే గుర్తులేదు. చెప్పులు లేకుండా మెట్ల మీద పరిగెత్తింది. వెనక తలుపు దానంతట అదే మూసుకున్న చప్పుడు వినబడింది గానీ పట్టలేదు.

కింద గుమ్మంలోనే బెన్నీ కృపమ్మ ఒళ్ళో ఉన్నాడు, నోట్లో బిస్కెట్టు, చెంపల మీద నీళ్ళు. తల్లిని చూడగానే బిస్కెట్టు పడేసి మళ్ళీ అందుకున్నాడు రాగం, ఇంకా పెద్దగా. కరుణ చేతులు చాచింది. వాణ్ని ఎత్తుకొని "ఏడువు నాన్నా, ఏడువు" అంది.

"ఏంటమ్మా ఆ మాట?" అంది కృపమ్మ. "వెళ్ళిపోయిందా ఆవిడ?"

"పైనే ఉంది. పదండి, అందరం పోదాం."

అయిదుగురూ పైకి వచ్చేసరికి తలుపు వేసి ఉంది. తాళంచెవి లోపల మేకుకు వేలాడుతోంది. కృపమ్మ దగ్గరుండే తాళంచెవి ఆమె సంచిలో, సంచి మంచం మీద. మూడోది జోయెల్ దగ్గర, జోయెల్ గచ్చిబౌలిలో.

"మేడమ్!" అని కరుణ తలుపు తట్టింది. "కొంచెం తలుపు తీస్తారా?"

"అదే చూస్తున్న బిడ్డా." లోపల టకటకమన్న చప్పుడు. "గిదేంది, పచ్చది నొక్కితె ఎర్రది లేస్తలేదు."

"రెండూ ఒకేసారి నొక్కాలండీ."

"నొక్కిన. రాదు. నాకు అందుతలేదు కూడ. కుర్చీ తెచ్చుకుంట ఆగు."

కుర్చీ జరిగిన చప్పుడైంది. అంటే గోడ మీది సగం మెట్రో రైలు ఇప్పుడు బయటపడింది. కరుణ కళ్ళు మూసుకుంది. ఇరవై తొమ్మిదో అంశం: లోపలినుంచి తక్షణం తెరుచుకోవాలి. రెండు నిమిషాలైంది. తనిఖీకి వచ్చిన మనిషి తనిఖీ చేసే ఇంట్లో బందీ అయిపోయింది. ధృతి కృపమ్మ చంకలోంచి జారుతోంది. బెన్నీ ఏడుపు ఆపి వింతగా వింటున్నాడు.

"వేళ్ళు నలుగుతున్నయి గని తాళం రాదు" అని లోపలినుంచి వచ్చింది. "మీ ఆయనకు ఫోన్ చేయరాదు?"

"ఆయన వచ్చేసరికి గంట పడుతుందండీ..."

అప్పుడు లోహిత్ తలుపు సందు దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచాడు. "అమ్మమ్మా! ఆకుపచ్చది లోపలికి, ఎర్రది పక్కకి! పక్కకి! ఆ తర్వాత పైకి! ఆంటీ రోజూ అలాగే తీస్తుంది!"

లోపల మీటలు కదిలిన చప్పుడు. టక్ మంది. తలుపు తెరుచుకుంది.

కుర్చీ మీద గంగమ్మ, చెమటతో, ఒక చేత్తో ద్వారబంధం పట్టుకొని. ఆవిడ ముందు లోహిత్‌ను చూసింది, తరువాత కరుణను.

"గీ తాళం పిల్లలకు రాదనే గద పెట్టినవు?"

"అవునండీ."

"వానికొచ్చు, నాకు రాదు."

కృపమ్మ ముందు నవ్వింది. నవ్వు ఆపుకోవడానికి ధృతి జుట్టులో మొహం దాచుకుంది. కరుణ ఆమె వైపు చూసి ఊరుకోమని సైగ చేసేలోపే అత్తగారు మొదలుపెట్టేసింది. "నేను చెప్తూనే ఉన్నానండీ. వారం నుంచి నేనే బయటికి వెళ్ళలేకపోతున్నాను. రండి, దిగండి, పడతారు. నేను ఆసుపత్రిలో చేసేటప్పుడు మా డాక్టరమ్మగారు ఒకసారి ఇలాగే ఎక్స్‌రే గదిలో..."

"ఏ ఊరమ్మా మీది?" అని గంగమ్మ కుర్చీ దిగింది.

ఇక కరుణ చేతుల్లో ఏమీ లేదు. పన్నెండయ్యేసరికి ముప్పై నాలుగు బొమ్మలూ నేల మీద ఉన్నాయి. కృపమ్మ ఎక్స్‌రే గది కథ, నూనె సీసా కథ రెండూ పూర్తిచేసింది. "చదువుకున్న పిల్లండీ, దేవుడి నూనెకి కూడా చీటీ వేసింది" అని ఫిర్యాదు చేసింది. గంగమ్మ సోఫాలో కూర్చొని కృపమ్మ మాటలు వింటున్నట్టే ఉంది గానీ, కళ్ళు మాత్రం కరుణ వెనకే తిరుగుతున్నాయి. కరుణ ధృతికి అన్నం మెత్తగా పిసికి తినిపించింది. బెన్నీ చున్నీ పట్టుకొనే నిలబడ్డాడు. లోహిత్ గోడ మీద రైలుకు చెరిగిపోయిన సగం మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు. ఆపాలో వద్దో తెలియక కరుణ తడిగుడ్డ చేతిలోకి తీసుకుంది.

"గీయనియ్యి" అంది గంగమ్మ. "సగం రైల్ల ఎవరెక్కుతరు?"

ట్యాబులో ఏవో నొక్కింది. "పిల్లలెంత మంది?"

"ఇద్దరండీ" అంది కరుణ.

"ముగ్గురు" అంది కృపమ్మ అదే సమయంలో.

"మావాడు లెక్కలోకి వస్తాడో రాడో తెలియక ఖాళీగా ఉంచానండీ. ఫోన్ చేసి అడిగాను, వాళ్ళకీ తెలియదట."

"వాడు పిల్లగాడు కాదా?"

"పిల్లాడే గానీ, నా పిల్లాడు కదా."

"నీ పిల్లగాడైతె వానికి ఒక చేయి అక్కర లేదా? నీకున్నయి రెండే చేతులు. ముగ్గురు అని రాస్తున్న. మీ అత్తమ్మ మోకాళ్ళు చూసిన, గంతకంటె ఎక్కువ వద్దు. రిజిస్టరుల వాని పేరు కూడ ఎక్కియ్యి." ఆవిడ తాళం వైపు చేయి చూపింది. "గది పీకెయ్యి. పైన మామూలు గడియ పెట్టిచ్చు."

"మామూలు గడియ అయితే ప్రమాదంలో పిల్లలు..."

"అగ్గి పుడితె తలుపు తీసేది నువ్వు బిడ్డా, వాళ్ళు గాదు. గందుకే నువ్వుండాలె ఇంట్ల."

కరుణ తల ఊపింది. పదిహేడు, ఇరవై తొమ్మిది వారం రోజులుగా ఆమె తలలో కొట్టుకుంటున్నాయి. అవి అంత సులువుగా ఒక గడియలో ఇమిడిపోతాయని నమ్మబుద్ధి కాలేదు. అడగకూడదనుకుంటూనే అడిగింది. "మేడమ్, పాసా, ఫెయిలా?"

"గట్ల డబ్బాలు లేవిండ్ల." గంగమ్మ ట్యాబు ఆమెకు చూపింది. మూడు గడులున్నాయి. మధ్యదాని మీద టిక్కు ఉంది: షరతులతో. "గడియ పెట్టినంక ఫోటో పంపు. నేను రాసేది రాసిన. ఆఫీసుల పెద్దోళ్ళు చూసి చెప్తరు. వారం పడ్తది, పది రోజులు పడ్తది."

"రేపు సాయంత్రానికి తెలియదా?"

"తెల్వదు." గంగమ్మ సంచి భుజాన వేసుకుంది. "ఫికర్ చేయకు అంటె చేయకుంట ఉంటవా? ఉండవు. జర తక్కువ చెయ్యి."

శుక్రవారం మధ్యాహ్నం వడ్రంగి వచ్చి మామూలు గడియ బిగించి వెళ్ళాడు. కరుణ ఫోటో తీసి పంపింది. అవతలినుంచి ఏమీ రాలేదు. ప్రతి పది నిమిషాలకూ ఫోన్ చూసుకుంది. షరతులతో అంటే ఎన్ని చుక్కలు? పరిమితి లోపలా, బయటా? ల్యాబులో అలాంటి ఫలితం వస్తే నమూనా మళ్ళీ తెప్పించి మొదటినుంచి పరీక్షించేవాళ్ళు. ఇక్కడ మళ్ళీ ఏం తెప్పించాలి? జోయెల్‌కు ఫోన్ చేస్తే, "నీకేది అనిపిస్తే అది. సర్టిఫికెట్ రాకపోతే అప్పుడు చూద్దాం" అన్నాడు. అది ధైర్యం చెప్పడమో, తప్పించుకోవడమో తేలలేదు.

నాలుగూ నలభైకి హెచ్.ఆర్. అమ్మాయి ఫోన్ చేసింది. సరిగ్గా అప్పుడే లోహిత్ బెన్నీ చేతిలోంచి లారీ చక్రం లాక్కున్నాడు. బెన్నీ నేల మీద పడి కాళ్ళు కొట్టుకుంటూ గుక్కపట్టాడు.

"మేడమ్, వెనక ఏదో బాగా ఏడుపు వినిపిస్తోంది. కాసేపాగి చేయనా?"

కరుణ కొడుకు వైపు చూసింది. మొహం ఎర్రగా కందిపోయింది, నోరు ఆకాశమంత తెరుచుకుంది. ఏం చెప్పబోతోందో ఆమెకు ఆ క్షణం దాకా నిజంగా తెలియదు.

"వద్దండీ, ఇప్పుడే చెప్పేస్తాను. నేను రావడం లేదు. ఆ సీటు ఇంకెవరికైనా ఇవ్వండి."

"ష్యూరా మేడమ్?"

"ష్యూర్ కాదండీ. కానీ రావడం లేదు."

ఫోన్ పెట్టేసి బెన్నీ దగ్గరికి వెళ్ళింది. చక్రం ఇప్పించింది. ఏడుపు తగ్గాక కొత్త రిజిస్టరు తీసి కూర్చుంది. పేరు, వచ్చిన సమయం, వెళ్ళిన సమయం. ధృతి, తొమ్మిదీ ఐదు. లోహిత్, తొమ్మిదీ ఇరవై. మూడో వరుసలో బెన్నీ అని రాసి ఆగింది.

"అత్తయ్యా, వీడు ఎన్నింటికి వచ్చినట్టు?"

కృపమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "లేచిన టైము రాయి. ఆరూ నలభై. నా కళ్ళజోడు పట్టుకుపోయాడుగా, గుర్తే."

"వెళ్ళిన సమయం?"

"ఎక్కడికి వెళ్తాడమ్మా వాడు?"

కరుణ ఆరూ నలభై అని వేసింది. ల్యాబు పద్ధతిలో గడి ఖాళీగా వదలకూడదు, అడ్డగీత కొట్టి సంతకం పెట్టాలి. పెన్ను ఆ గడి మీద ఆనించింది. తరువాత గీత కొట్టకుండానే రిజిస్టరు మూసి, ఫోన్‌లో ఏమైనా వచ్చిందేమోనని మరోసారి చూసింది.